కాలా మోతియా, మన కుటుంబాలు
(హొళగుందలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఇళ్లలో కాలా మోతియా అనీ, తెలుగులో నీటికాసులు అనీ పిలిచే గ్లకోమాను గురించి నాలుగు మాటలు చెప్పవలసి ఉంది. శుక్లాల వల్ల పోయిన చూపు శస్త్రచికిత్సతో తిరిగి వస్తుంది. నీటికాసుల వల్ల పోయినది రాదు. ఈ జబ్బులో చూపు నరం కొద్దికొద్దిగా నశిస్తుంది. చాలామందిలో నొప్పి ఉండదు. చూపు అంచుల నుండి తరుగుతుంది గనుక ఎదుటి అక్షరాలు కనిపిస్తూనే ఉంటాయి. గడప తగిలి పడితే, పక్క నుంచి వచ్చిన బండి కనబడకపోతే, వయసు మీదికి నెట్టివేస్తాము. ఆసుపత్రిలో చేరేనాటికి ఒక కన్ను ఆరిపోయి ఉండడం అందుకే అరుదు కాదు.

1996-97లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వైద్యులు హైదరాబాదులో జరిపిన సర్వేలో ఓపెన్ యాంగిల్ రకం నీటికాసులు 27 మందిలో బయటపడ్డాయి. వారిలో 25 మందికి జబ్బున్నట్టే తెలియదు. సగానికి పైగా రోగులలో నష్టం అప్పటికే తీవ్రం. 18 మందికి కంటి ఒత్తిడి 22 లోపే ఉంది. కనుక ఒత్తిడి కొలిచి పంపివేస్తే చాలదు, చూపు నరాన్నీ పరీక్షించాలి. అది నగరం మాట. కర్నూలు ప్రాంతీయ నేత్ర వైద్యశాలకు వంద కిలోమీటర్లకు పైబడిన దూరంలో, మిరప కోతలకు గుంటూరు వలసపోయే ఇళ్లలో పరిస్థితి ఇంతకన్నా మెరుగని నేననుకోను.

నలభై దాటినవారు, తల్లిదండ్రులకో తోబుట్టువులకో జబ్బున్నవారు, మధుమేహ రోగులు తప్పక పరీక్ష చేయించుకోవాలి. కళ్లు దురదపెడితే మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ చుక్కలు నెలల తరబడి వాడితే కంటి ఒత్తిడి పెరుగుతుంది.

మేనరికం మాట చెప్పక తప్పదు. పుట్టుకతో వచ్చే నీటికాసులు పాశ్చాత్య దేశాలలో సుమారు 10,000 మంది శిశువులలో ఒకరికైతే, ఆంధ్రప్రదేశ్‌లో 3,300 మందిలో ఒకరికి. దగ్గరి సంబంధాలు ఇందుకొక ముఖ్య కారణం. షరీఅత్ వాటిని అనుమతించిందే గాని విధించలేదు. బిడ్డవి పెద్ద కళ్లని మురిసిపోయేముందు, నీరు కారుతున్నాయా, వెలుతురుకు మూసుకుంటున్నాయా చూడండి.

రంజాన్‌లో రోజా భంగమవుతుందని చుక్కలు మానివేసేవారున్నారు. సుర్మాతోగాని కంటి మందుతోగాని రోజా పోదని హనఫీ ఫిఖహ్ చెబుతుంది. గొంతులోకి దిగినదాన్ని మింగకుంటే చాలునని 1997లో జెద్దాలో అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ కూడా తీర్మానించింది. ఇమాం సాహెబులు రంజాన్‌కు ముందరి జుమాలో ఈ ఒక్క మాట చెబితే ఎందరి కళ్లో నిలుస్తాయి.

ఇక హక్కు సంగతి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, అక్షరాలు చదవగలిగినా చూపు విస్తృతి 10 డిగ్రీలకు తక్కువైతే అది అంధత్వమే. 10 నుంచి 40 లోపైతే మందదృష్టి. సదరం శిబిరంలో అక్షరాల పలక ఒక్కటే చూపించి పంపివేస్తే, పెరిమెట్రీ పరీక్ష చేయమని అడగండి, దాని కాగితం జతచేయమని పట్టుబట్టండి.