పాజిటివ్ - దేనికి పాజిటివ్?

 

ఇవాళ ఒక్క మాట గురించే మాట్లాడుకుందాం. చాలా మామూలు మాట. ఇంగ్లీషు రాదనుకునేవాళ్ళు కూడా రోజూ వాడే మాట. పాజిటివ్. 'పాజిటివ్‌గా ఆలోచించు', 'సినిమాకి పాజిటివ్ టాక్ వచ్చింది', 'ఆయన్ని చూస్తేనే పాజిటివ్ ఎనర్జీ అండీ'. ఇంత తెలిసిన మాటకి ఒక ఎపిసోడ్ ఎందుకూ అంటారేమో. ఎందుకో చెప్తాను. ఇది మా ఇంట్లోనే జరిగింది. మా పిన్నిని అడిగి, సరేనన్నాకే చెప్తున్నాను.

పదిహేనేళ్ళ కిందటి సంగతి. పిన్నికి రొమ్ములో గడ్డలాంటిది కనపడింది. డాక్టరుగారు ముక్క తీసి పరీక్షకి పంపించారు. శనివారం సాయంత్రం ల్యాబువాళ్ళు కవరు చేతికిచ్చారు. డాక్టరుగారు మళ్ళీ సోమవారం గాని కూర్చోరు. మా బాబాయిది కిరాణా కొట్టు. తొమ్మిదో క్లాసు దాకా చదివాడు, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటాడు. కవరు విప్పి, ఇంత పొడుగు మాటలన్నీ వదిలేసి, తనకి తెలిసిన ఒక్క మాట పట్టుకున్నాడు. నాకు ఫోన్ చేశాడు. "ఒరేయ్, రిపోర్టు వచ్చిందిరా. పాజిటివ్ అని రాశారు!" గొంతులో ఎంత సంతోషమో.

నేనేమన్నానో తెలుసా? అప్పటికి పద్దెనిమిదేళ్ళుగా ఇంగ్లీషు పాఠాలు చెప్తున్న నేను, "హమ్మయ్య, మంచి వార్త చెప్పావు బాబాయ్" అన్నాను. ఆయన గొంతులోని సంతోషాన్ని విన్నాను గాని ఆ మాటని వినలేదు. ఆ రాత్రి అర కిలో జాంగ్రీ తెప్పించి ఇరుగూపొరుగూ అందరికీ పంచారు. సోమవారం పొద్దున డాక్టరుగారి గదిలో ఏం జరిగి ఉంటుందో మీరు ఊహించుకోగలరు.

అక్కడ రాసి ఉన్నది 'పాజిటివ్ ఫర్ మాలిగ్నెన్సీ' అని. అంటే క్యాన్సర్ ఉందని. నేను అడగాల్సిన ప్రశ్న చాలా చిన్నది. దేనికి పాజిటివ్, బాబాయ్? అది అడగలేదు. అడిగుంటే జబ్బు మారిపోయేది కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ రెండు రోజులు అలా గడిచేవి కావు.

సరే, మాట దగ్గరికి వద్దాం. 'పాజిటివ్' అనే మాటకి అసలు 'మంచి' అనే అర్థమే లేదు. ఆ అర్థం తర్వాతెప్పుడో వచ్చి చేరింది. లాటిన్‌లో 'పోనెరె' అని ఒక క్రియ ఉంది. పెట్టడం, ఉంచడం. పొజిషన్, డిపాజిట్, ప్రిపొజిషన్, ఆఖరికి మన పోస్టాఫీసులోని పోస్టు, అన్నీ ఆ కుటుంబమే. పాజిటివ్ అంటే 'పెట్టబడినది', ఇదుగో అని ఎదురుగా ఉంచినది. లా చదివినవాళ్ళకి 'పాజిటివ్ లా' అనే మాట తెలిసే ఉంటుంది. అంటే మంచి చట్టం అని కాదు. మనుషులు కూర్చుని పెట్టిన చట్టం, ప్రకృతి ధర్మం కానిది. అది దుర్మార్గమైన చట్టమైనా సరే, పాజిటివ్ లానే.

స్కూల్లో డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్ చదువుకున్నారు కదా. పాజిటివ్, కంపారటివ్, సూపర్లేటివ్. బ్యాడ్, వర్స్, వరస్ట్ అని వల్లె వేశాం. అందులో 'బ్యాడ్' ఏ డిగ్రీ? పాజిటివ్ డిగ్రీ! ఒక్క పిల్లాడు కూడా లేచి "చెడ్డదాన్ని పాజిటివ్ అంటారేంటి మాస్టారూ" అని నన్ను అడగలేదు. నేనూ నా మాస్టారిని అడగలేదు. దేనితోనూ పోల్చకుండా ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే రూపం, అంతే దానర్థం.

ఉన్నదని గట్టిగా చెప్పడం నుంచే 'ఖాయం' అనే అర్థం వచ్చింది. 'ఆర్ యూ పాజిటివ్?' అంటే 'కచ్చితంగానేనా?' అని. అమెరికా వెళ్ళిన కొత్తలో ఒక కుర్రాణ్ణి మేనేజరు ఇలాగే అడిగాడట, ఫైలు పంపించానంటే. వాడు ఛాతీ విరుచుకుని "ఎప్పుడూ పాజిటివేనండీ" అన్నాడట. అలా జరిగిందో, వాడు కల్పించాడో తెలీదు గాని, చెప్పినప్పుడల్లా మా ఇంట్లో నవ్వుతారు.

మరి లెక్కల్లో? ఇక్కడ మనవాళ్ళ గురించి ఓ మాట చెప్పాలి. పాజిటివ్ నంబర్లని తెలుగులో ఏమంటాం? ధన సంఖ్యలు. నెగటివ్‌ని ఋణ సంఖ్యలు. ధనం అంటే డబ్బు, ఋణం అంటే అప్పు. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో వీటి కూడికలకీ తీసివేతలకీ సూత్రాలు చెప్పినప్పుడు వాడిన మాటలే ఇవి. చేతిలో ఉన్నది ధనం, ఇవ్వాల్సింది ఋణం. నన్నడిగితే ఇంగ్లీషు మాట కంటే ఇదే పిల్లలకి తొందరగా ఎక్కుతుంది.

కరెంటులోకి ఈ మాటని తెచ్చింది బెంజమిన్ ఫ్రాంక్లిన్, 1747లో. విద్యుత్తు ఎక్కువగా ఉన్న వస్తువు పాజిటివ్, తక్కువైంది నెగటివ్ అన్నాడు. ఏది ఎక్కువో ఏది తక్కువో చూసే వీలు అప్పుడు లేదు, ఊహించి పేరు పెట్టేశాడు. తీరా 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ని కనిపెట్టాక తేలిందేమిటంటే, తీగలో కదిలేవి నెగటివ్ అన్న పేరు పడ్డవే. అప్పటికి పుస్తకాలన్నీ అచ్చైపోయాయి. అందుకే ఇప్పటికీ మనం కరెంటు ప్లస్ నుంచి మైనస్‌కి వెళ్తుందని బొమ్మ గీస్తాం, ఎలక్ట్రాన్లు మాత్రం ఎదురు నడుస్తాయి.

ఫోటోల్లో ఈ రెండు మాటలూ వాడింది జాన్ హెర్షెల్, 1840లో. నెగటివ్ అంటే తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా పడ్డది. చెడ్డది కాదు. పెళ్ళి ఫోటోల స్టూడియోవాడిని మనం బతిమాలింది దేని కోసం? నెగటివుల కోసమే కదా. సినిమావాళ్ళకైతే నెగటివే ఆస్తి, 'నెగటివ్ రైట్స్' అని ప్రత్యేకంగా అమ్ముకునేవారు. అదే సినిమావాళ్ళు 'నెగటివ్ రోల్' అంటే మాత్రం విలన్ వేషం. ఒకే పరిశ్రమలో ఒకే మాట రెండు దారులు పట్టింది, చూడండి.

బ్లడ్ గ్రూపులు సరేసరి. లాండ్‌స్టైనర్, వీనర్ 1940లో ప్రకటించిన ఆర్‌హెచ్ పదార్థం మీ ఎర్ర కణాల మీద ఉంటే పాజిటివ్, లేకపోతే నెగటివ్. ఉందా, లేదా, అంతే. ఓ నెగటివ్ వాళ్ళు అత్యవసరంలో ఎవరికైనా రక్తం ఇవ్వగలరు. ఇంతకంటే 'పాజిటివ్' మనుషులు ఎవరండీ?

అయితే 'పాజిటివ్ అంటే మంచి' అని మనకి ఎక్కడ అంటుకుంది? అనుకూలమైనది, ఆశావహమైనది అనే వాడుక ఇంగ్లీషులో కాస్త ఆలస్యంగానే పెరిగింది. 1952లో నార్మన్ విన్సెంట్ పీల్ రాసిన 'ద పవర్ ఆఫ్ పాజిటివ్ థింకింగ్' పుస్తకం దాన్ని ఊరూరికీ మోసుకెళ్ళింది. మన దగ్గర వ్యక్తిత్వ వికాసం క్లాసులు మిగతా పని పూర్తి చేశాయి. ఇప్పుడు గుమ్మడికాయ దిష్టి కూడా 'నెగటివ్ ఎనర్జీ' తీయడమే.

పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ అంటే ఆఫీసులో మెచ్చుకోలు. ఇంజినీర్లకి? పందిట్లో మైకు స్పీకరు ఎదురుగా పెడితే కుయ్‌మని చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది చూడండి, అది పాజిటివ్ ఫీడ్‌బ్యాక్. స్పీకర్లోంచి వచ్చింది మైకులోకి వెళ్ళి, పెరిగి, మళ్ళీ స్పీకర్లోకి వచ్చి ఇంకా పెరుగుతుంది. దాన్ని అదుపులో పెట్టేది నెగటివ్ ఫీడ్‌బ్యాక్.

ఇక పరీక్షల సంగతి. ఇక్కడ నెమ్మదిగా వెళ్దాం. ల్యాబు రిపోర్టులో పాజిటివ్ అంటే 'వెతికింది కనపడింది' అని. నెగటివ్ అంటే 'కనపడలేదు' అని. వెతుకుతున్నది ఏమిటో తెలిస్తే గాని అది మంచో చెడో తేలదు. పిల్లల కోసం ఎదురుచూసే దంపతులకి ప్రెగ్నెన్సీ టెస్టు పాజిటివ్ అయితే పండగ. కరోనా రోజుల్లో ఊరంతా 'పాజిటివ్' అంటే వణికిపోయి, మళ్ళీ వెంటనే 'పాజిటివ్‌గా ఉండండి' అని మెసేజీలు పెట్టుకున్నాం.

ఇంకో సంగతి. కనపడింది అంటే తప్పకుండా ఉందని కూడా కాదు. మన ఊళ్ళల్లో జ్వరం నాలుగు రోజులుంటే వైడాల్ టెస్టు చేయిస్తారు, టైఫాయిడ్ కోసం. 1896లో ఫెర్నాండ్ వైడాల్ కనిపెట్టిన పద్ధతి. టైఫాయిడ్ ఎప్పుడో వచ్చి తగ్గిపోయినవాళ్ళకీ, టీకా వేసుకున్నవాళ్ళకీ, ఒక్కోసారి వేరే జ్వరాల్లో కూడా అది పాజిటివ్ చూపించవచ్చు. అందుకే అదొక్కటి చూసి డాక్టర్లు తీర్మానించకూడదు. కొంతమంది తీర్మానించేస్తారు, అది వేరే కథ.

చిన్న లెక్క వేద్దాం. వెయ్యిమందికి ఏదో పరీక్ష చేశామనుకోండి. వాళ్ళలో నిజంగా జబ్బున్నవాళ్ళు పదిమంది. పరీక్ష ఆ పదిమందినీ పట్టుకుంది. జబ్బు లేనివాళ్ళలో మాత్రం నూటికి ఐదుగురి విషయంలో పొరబడుతుందనుకుందాం. మిగిలిన 990 మందిలో దాదాపు యాభైమందికి ఉత్తినే పాజిటివ్ వస్తుంది. మొత్తం పాజిటివ్‌లు అరవై, అందులో నిజంగా జబ్బున్నది పదిమందికే. దీన్నే ఫాల్స్ పాజిటివ్ అంటారు. డాక్టరుగారు "ఇంకో టెస్టు చేద్దాం" అంటే ప్రతిసారీ డబ్బు కోసమే అనుకోకండి.

దీన్ని తెలుగులో ఎలా చెప్పాలి? కొందరు 'సానుకూల ఫలితం' అని రాస్తున్నారు. దయచేసి రాయకండి. సానుకూలం అంటే మనకి అనుకూలం. జబ్బు సానుకూలం ఎలా అవుతుంది? మా బాబాయి పొరపాటు పడితే అర్థముంది, తర్జుమా చేసేవాళ్ళు కూడా అదే పొరపాటు పడితే ఎలా? 'జబ్బు ఉన్నట్టు తేలింది', 'లేనట్టు తేలింది'. ఇంతే చాలు. ఈ మాటలు నవ్వుతూ చెప్పినా, ఏడుస్తూ చెప్పినా అర్థం మారదు.

ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళు పక్కన వచ్చే చిన్న మాట చూసుకోండి. 'పాజిటివ్ ఫర్' అంటే పరీక్షలో తేలినది. 'పాజిటివ్ అబౌట్' అంటే ఒక విషయం మీద మంచి ఆశ. 'పాజిటివ్ దట్' అంటే కచ్చితమైన నమ్మకం. ఆ ఫోన్లో బాబాయి 'ఫర్' దాకా చదివుంటే నేను ఆగేవాణ్ణి. లేదా నేను అడిగుంటే ఆయన చదివేవాడు.

పిన్నికి ఆపరేషన్ అయ్యింది. తీసిన భాగాన్ని మళ్ళీ పరీక్షకి పంపారు. ఈసారి రిపోర్టు తేవడానికి నేనే వెళ్ళాను. నాకంటే ముందే బాబాయి కవరు విప్పేసి, ఆసుపత్రి వరండాలో బల్ల మీద తల వంచుకుని కూర్చుని ఉన్నాడు. "నెగటివ్ అంటరా. రెండు చోట్ల రాశారు" అన్నాడు. తీసుకుని చదివాను. అంచుల్లో నెగటివ్. చంకలో గడ్డల్లో నెగటివ్. ఈసారి ప్రతి మాటా చదివాను, డాక్టరుగారిని అడిగి ఖాయం చేసుకున్నాను. కోసిన అంచుల్లో క్యాన్సర్ కణాలు కనపడలేదు, చంకలోకీ పాకలేదు. బయటికొచ్చి చెప్పాను. ఆయన నమ్మలేదు. మళ్ళీ చెప్పించుకున్నాడు. మూడోసారి చెప్పాక అడిగాడు, "మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదురా?"

ఏం చెప్పను? అడగలేదు బాబాయ్ అన్నాను.

ఆ తర్వాత మందులు, రేడియేషన్, ఆ కష్టాలన్నీ ఉన్నాయి. పిన్ని బాగుంది. ఈ ఎపిసోడ్ కూడా చూస్తుంది. జాంగ్రీ సంగతి చెప్పద్దంది, చెప్పేశాను, తిట్లు తప్పవు.

వచ్చే వారం 'ఫైన్' అనే మాట చూద్దాం. బాగున్నాను, జరిమానా, సన్నటి ఇసుక, మూడూ అదే. మీ ఇంట్లో దాంతో ఏదైనా తిరకాసు జరిగి ఉంటే రాసి పంపండి. ఉంటాను, నమస్కారం.