ఒకే దేశం – రెండు వలసలు

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగపాఠం)



పుట్టిన గడ్డను విడిచి పరభాషా ప్రాంతంలో స్థిరపడిన ప్రతి కుటుంబాన్నీ ఒక సందేహం వెంటాడుతూనే ఉంటుంది. సొంత భాషను, సొంత బడిని, సొంత సంఘాలను పట్టుకొని కూర్చుంటే పిల్లలు బ్రతుకుతెరువులో వెనుకబడిపోతారేమో అన్నదే ఆ సందేహం. దీనికి సమాధానం ఊహలో కాక అనుభవంలో వెదకడం మంచిది. అమెరికా సంయుక్త రాష్ట్రాలకు ఇంచుమించు ఒకే కాలంలో వలసపోయిన ఇటాలియన్ల, జపానీయుల చరిత్ర అటువంటి అనుభవం. ఇరువురూ అధికభాగం పల్లెల నుండి వచ్చినవారే. ఇరువురికీ ఇంగ్లీషు రాదు. ఇరువురినీ స్థానికులు చిన్నచూపు చూశారు. అయినా మూడు తరాలు గడిచేసరికి వారి ఆర్థికస్థితి ఒక్క తీరుగా లేదు. ఆ భేదానికి కారణమేమిటన్నదే విచారించవలసిన విషయం.

ముందుగా ఇటాలియన్ల సంగతి. 1880 నుండి 1920 వరకు అమెరికాలో అడుగుపెట్టిన ఇటాలియన్లు 40 లక్షలకు పైమాటే. వారిలో ఎక్కువమంది నేపుల్సు ప్రాంతం, కలాబ్రియా, సిసిలీ వంటి దక్షిణ మండలాలవారు. 1861లో ఇటలీ ఏకమైనదన్న మాటేగాని దక్షిణాది రైతుకూలీకి ఒరిగింది స్వల్పం. భూమి జమీందారులది, పన్నుల భారం పేదలది. పెద్దవారిలో సగానికి పైగా అక్షరజ్ఞానం లేనివారు. న్యూయార్కు రేవులో దిగినవారిని ‘పద్రోనీ’ అని పిలిచే మేస్త్రీలు పనులకు కుదిర్చి, కూలిలో కొంత మిగుల్చుకునేవారు. రైలుమార్గాలు వేయడం, భూగర్భ రైలుకు సొరంగాలు త్రవ్వడం, ఇటుకపని, రాతిపని వారికి దక్కిన వృత్తులు. నాలుగు డబ్బులు కూడబెట్టుకొని స్వగ్రామానికి మరలిపోవాలన్నదే చాలామంది ఆశ. అట్లా మరలిపోయినవారు లక్షల సంఖ్యలో ఉన్నారు. తిరిగి వెళ్ళిపోదామనుకున్నవాడు ఉన్నచోట పిల్లల చదువుమీద పెట్టుబడి పెట్టడానికి వెనుకాడడం సహజం.

ఈ సంగతిని నిశితంగా పరిశీలించినవాడు లియొనార్డ్ కోవెల్లో. ఆయన 1887లో దక్షిణ ఇటలీలోని అవిల్యానోలో పుట్టి, బాల్యంలోనే న్యూయార్కు చేరి, చివరకు అక్కడి తూర్పు హార్లెంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఉన్నత పాఠశాలకు 1934 నుండి ప్రధానోపాధ్యాయుడుగా పనిచేశాడు. ఇటాలియన్ తల్లిదండ్రులు చదువుకు శత్రువులు కారని, బడి తమ బిడ్డను తమకు కాకుండా చేస్తుందన్న భయమే వారిని వెనక్కు లాగిందని ఆయన గ్రహించాడు. ఆ భయం ఉత్తది కాదు. పలకడానికి సులువుగా ఉంటుందని ఒక ఉపాధ్యాయురాలు ఆయన ఇంటిపేరునే ‘కొవియెల్లో’ నుండి ‘కోవెల్లో’గా మార్చివేసింది! పద్నాలుగేళ్ళ పిల్లవాడు పనికి పోతే ఇంటికి కూలి డబ్బులు వస్తాయి. బడికి పోతే తల్లిదండ్రుల భాషనే చూసి సిగ్గుపడడం నేర్చుకొని వస్తాడు. అటువంటప్పుడు ఏ తండ్రి దేనిని ఎంచుకుంటాడో చెప్పనక్కరలేదు. కోవెల్లో కనుగొన్న మందు విచిత్రమైనది: న్యూయార్కు పాఠశాలలలో ఫ్రెంచి, జర్మను భాషలకున్న స్థానం ఇటాలియను భాషకూ ఇవ్వాలని పోరాడి, 1922లో సాధించాడు. తమ భాషకు బడిలో గౌరవం దక్కితే తల్లిదండ్రులు బడి గడప తొక్కుతారని ఆయన విశ్వాసం.

ఇక జపానీయుల సంగతి. 1885లో ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందంపై వారు మొదట హవాయి చెరకు తోటలకు కూలీలుగా వెళ్ళారు. 1924 వరకు హవాయికి సుమారు 2 లక్షల మంది, అమెరికా ప్రధాన భూభాగానికి సుమారు 1 లక్షా 80 వేల మంది చేరారు. వీరు వెంట తెచ్చుకున్న మూటలో ఒక విలువైన వస్తువున్నది – అక్షరం. మెయిజీ ప్రభుత్వం 1872లోనే దేశమంతటా ప్రాథమిక విద్యకు శాసనం చేసింది. పైగా వలసపోయేవారిని ఆ ప్రభుత్వం ఏరి పంపేది. అందుచేత తోటకూలీగా వెళ్ళినవాడు సైతం చాలావరకు చదవను, వ్రాయను నేర్చినవాడు.

రెండవ మూలధనం పరస్పర విశ్వాసం. ఒకే జిల్లావారు సంఘాలుగా ఏర్పడి కొత్తగా వచ్చినవారికి వసతి, పని చూపించేవారు. ‘తనొమోషి’ అనే పద్ధతిలో కొందరు కూడి నెలనెలా సొమ్ము వేసి, ఆ మొత్తాన్ని వంతులవారీగా ఒక్కొక్కరు తీసుకునేవారు. తెలుగునాట ఇంటింటికీ తెలిసిన చీటీ వంటిదే ఇది. బ్యాంకు గడప ఎక్కనీయని రోజులలో కౌలుపొలానికి, కూరగాయల అంగడికి, బట్టలుతికే దుకాణానికి పెట్టుబడి ఇందులో నుండే వచ్చింది. జార్జి షిమా అనే పేరుతో ప్రసిద్ధుడైన ఉషిజిమా కాలిఫోర్నియా నదీ డెల్టాలోని చిత్తడి నేలలను సాగుకు తెచ్చి ‘బంగాళాదుంపల రాజు’ అనిపించుకున్నాడు.

ఇటాలియన్లలోనూ ఇటువంటి చొరవ లేకపోలేదు. ఉత్తర ఇటలీలోని జెనోవా, లూక్కా ప్రాంతాల నుండి వచ్చినవారు కాలిఫోర్నియాలో చేపలవేట, పండ్లతోటలు, ద్రాక్షసారాయి వ్యాపారాలలో త్వరగా నిలదొక్కుకున్నారు. అట్టి కుటుంబంలోనే 1870లో పుట్టిన అమదేయో జియన్నీని 1904లో శాన్ ఫ్రాన్సిస్కోలో ‘బ్యాంక్ ఆఫ్ ఇటలీ’ని స్థాపించాడు. పెద్ద బ్యాంకులు కన్నెత్తి చూడని చిన్న రైతులకు, కూలీలకు, అంగడివారికి అప్పులిచ్చాడు. 1906 భూకంపంలో నగరం నేలమట్టమైనప్పుడు, రేవు దగ్గర రెండు పీపాల మీద పలక పరచి బ్యాంకు నడిపాడని ప్రసిద్ధి. ఆ బ్యాంకే 1930లో ‘బ్యాంక్ ఆఫ్ అమెరికా’ అయింది.

అయితే ఇరువురి దారిలోనూ చట్టం ఒకే తీరుగా నిలబడలేదు. ఇటాలియన్లకు అవమానాలు తప్పలేదు. 1891లో న్యూ ఆర్లియన్సులో పదకొండుమందిని అల్లరిమూక చంపివేసింది. 1924 చట్టం ఇటలీ నుండి వచ్చేవారి సంఖ్యను ఏడాదికి 3,845కు కుదించింది. కాని అప్పటికే వచ్చినవారికి పౌరసత్వం పొందే హక్కు ఉన్నది, ఓటున్నది. ఓటు ఉన్నందువల్లనే ఇటాలియన్ సంతతివాడైన లగ్వార్డియా 1934లో న్యూయార్కు నగర మేయరు కాగలిగాడు. నగరపాలనలో పలుకుబడి ఉంటే పోలీసు, అగ్నిమాపక, పారిశుద్ధ్య శాఖలలో స్థిరమైన కొలువులు దొరుకుతాయి.

జపానీయులకు ఆ ద్వారమే మూతబడింది. జపానులో పుట్టినవారు అమెరికా పౌరులు కాజాలరని 1922లో ఒజావా కేసులో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. పౌరసత్వానికి అర్హత లేనివారు వ్యవసాయ భూమి కొనరాదని కాలిఫోర్నియా 1913లోనే చట్టం చేసి, 1920లో కౌలును సైతం నిషేధించింది. అక్కడ పుట్టిన పిల్లలు పౌరులే గనుక, కొందరు వారి పేరిట భూములు పెట్టి సేద్యం సాగించారు. 1924 చట్టంతో వలసే ఆగిపోయింది.

అన్నింటినీ మించిన దెబ్బ 1942లో తగిలింది. జపానుతో యుద్ధం రాగానే, ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్వెల్టు జారీచేసిన ఉత్తరువు ఫలితంగా పశ్చిమతీరంలోని సుమారు 1 లక్షా 20 వేల మంది జపానీయులను పది నిర్బంధ శిబిరాలకు తరలించారు. వారిలో మూడింట రెండు వంతులు పుట్టుకతోనే అమెరికా పౌరులు. చేతులతో మోయగలిగినంతే వెంట తీసుకుపోవాలి. పండిన పంట, పెంచిన తోట, నడుస్తున్న అంగడి అయినకాడికి అమ్ముకోవలసి వచ్చింది. ఆ సమయంలో ఇటలీ కూడా శత్రుదేశమే. పౌరసత్వం లేని సుమారు 6 లక్షల ఇటాలియన్లను శత్రుదేశీయులుగా నమోదు చేశారు, తీరప్రాంతం నుండి కొన్నివేల మందిని ఖాళీ చేయించారు, కొందరిని నిర్బంధించారు. కాని 1942 అక్టోబరు 12 నాటికి వారిపై ఆంక్షలు తొలగిపోయాయి. ఒకే యుద్ధం, ఒకే ప్రభుత్వం. ఒక జాతి సంపాదన నిలిచింది, మరొక జాతి సంపాదన చెదిరిపోయింది.

కేవలం ఆస్తిని బట్టే లెక్క వేస్తే జపానీయులు ఇక లేవకూడదు. శిబిరాల నుండి తిరిగివచ్చి అనేకులు పరుల ఇళ్ళలో తోటమాలులుగా మళ్ళీ మొదటినుండి మొదలుపెట్టారు. కాని వారి పిల్లలు చదువు మానలేదు. యుద్ధానంతరం వివక్ష క్రమంగా సడలి, 1952లో తొలితరానికీ పౌరసత్వం లభించేసరికి, రెండవ తరం ఇంజినీర్లుగా, వైద్యులుగా, ఉపాధ్యాయులుగా, ప్రభుత్వోద్యోగులుగా సిద్ధంగా ఉన్నది. థామస్ సోవెల్ అనే ఆర్థికశాస్త్రవేత్త 1981లో ప్రచురించిన గ్రంథంలో ఒక గణన ఉన్నది. అమెరికా కుటుంబాల సగటు ఆదాయాన్ని 100గా తీసుకుంటే జపానీయులది 132, ఇటాలియన్లది 112. ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. జపానీయులలో అధికసంఖ్యాకులు హవాయి, కాలిఫోర్నియాలలో ఉన్నారు. అక్కడ జీతాలూ ఎక్కువ, ఖర్చులూ ఎక్కువే. ఒక కుటుంబంలో సంపాదించేవారి సంఖ్య కూడా లెక్కలోకి వస్తుంది. ఇటాలియన్లు సైతం సగటును దాటినవారేనన్న మాట మరువరాదు.

వారిది వేరొక మెట్లదారి. తండ్రి కూలి, కొడుకు మేస్త్రీ లేక ఫ్యాక్టరీ కార్మికుడు, మనుమడు పట్టభద్రుడు. కార్మికసంఘాల బలంతో జీతాలు పెరిగాయి. పొదుపుచేసి సొంత ఇల్లు కట్టుకోవడం వారి మొదటి కోరిక అయింది. 1944 చట్టం యుద్ధం నుండి తిరిగివచ్చిన సైనికులకు కళాశాల చదువుకు, ఇంటి అప్పుకు సాయపడింది. మూడవ తరం నాటికి కళాశాల చదువులో వారికీ ఇతర అమెరికన్లకూ మధ్య అంతరం చాలావరకు పూడిపోయింది. జపానీయులు బడిమెట్ల మీదుగా ఒక తరం ముందు చేరిన చోటికి, ఇటాలియన్లు పనిముట్ల మీదుగా ఒక తరం ఆలస్యంగా చేరారని చెప్పవచ్చు.

ఇదంతా రక్తగుణమని అనేవారున్నారు. అది నిజమైతే ప్రతి దేశంలోనూ ఒకే ఫలితం రావాలి. బ్రెజిల్ చరిత్ర చూడండి. దక్షిణ ఇటలీవాడైన ఫ్రాంచెస్కో మతరాజో 1881లో అక్కడికి చేరి, పందికొవ్వు వ్యాపారంతో మొదలుపెట్టి, దక్షిణ అమెరికాలోనే అతిపెద్ద పారిశ్రామిక సంస్థలలో ఒకదానిని నిర్మించాడు. అర్జెంటీనా రాజధానిలో ఇటాలియన్లు తొలి తరంలోనే దుకాణాలకు, కార్ఖానాలకు యజమానులయ్యారు. పరిశ్రమలు అప్పుడే మొలకెత్తుతున్న దేశాలలో వారికి ఖాళీ స్థలం దొరికింది. జపానీయులు 1908లో ‘కసాటో మారు’ ఓడలో బ్రెజిల్ చేరి కాఫీ తోటలలో నానా అగచాట్లు పడ్డారు. తరువాత సొంత భూములు సంపాదించి, 1927లో కోతియా సహకార సంఘాన్ని నెలకొల్పుకున్నారు. మనిషి వెంట తెచ్చుకున్నది, వచ్చినచోట దొరికిన అవకాశం, అక్కడి చట్టం – ఈ మూడూ కలిసి ఫలితాన్ని నిర్ణయిస్తాయి.

ఇప్పుడు మొదటి సందేహానికి రావచ్చు. ఆర్థికంగా ముందుకు పోయిన జపానీయులు తమ భాషను వదిలిపెట్టి పోయారా? హవాయిలో వారి పిల్లలు పగలు ఇంగ్లీషు బడికి, సాయంత్రం జపానీ బడికి వెళ్ళేవారు. ఆ సాయంకాలపు బడులను అదుపుచేయడానికి ప్రభుత్వం చట్టం తెస్తే, వాటిని నడిపేవారు న్యాయస్థానానికెక్కారు. 1927లో సుప్రీం కోర్టులో నెగ్గారు. రెండు బడులకు పోయిన ఆ తరమే ఆదాయంలో సగటును దాటిన తరం. యుద్ధకాలంలో మరొక వింత జరిగింది. అనుమానానికి గురైన ఆ జపానీ భాషే అమెరికా సైన్యానికి అత్యవసరమైంది. సైన్యం భాషాపాఠశాల తెరిచి చూస్తే, రెండవ తరం యువకులలో జపానీ బాగుగా వచ్చినవారు అతికొద్దిమంది! వెదకి వెదకి, నేర్పి, వేలమందిని దుబాసీలుగా పంపవలసి వచ్చింది. తల్లిదండ్రులు ముళ్ళకంచె వెనుక, కొడుకులు తల్లిభాషతో ఆ దేశానికే సేవలో!

మాతృభాషా పాఠశాల ధనాన్ని తెచ్చిపెడుతుందని ఈ చరిత్ర చెప్పదు. అట్లా చెప్పడం అతిశయోక్తి అవుతుంది. చదువు, పరస్పర నమ్మకం, న్యాయమైన చట్టం మనిషిని నిలబెడతాయని, సొంత భాష అందుకు అడ్డుకాదని మాత్రం నిస్సందేహంగా చెబుతుంది. చదువును చూసి భయపడిన ఇటాలియన్ తండ్రి, బడిలో తన భాష వినబడితే దగ్గరకు వస్తాడని కోవెల్లో గ్రహించినది కూడా ఇదే సత్యం.

రాష్ట్రం వెలుపల డెబ్బదియైదేళ్ళుగా తెలుగులో పాఠాలు చెబుతున్న బడికి ఈ మాట వర్తిస్తుంది. తల్లిదండ్రులు నిర్భయంగా తమ మాటలో ఉపాధ్యాయునితో మాట్లాడగలిగిన చోటు అది. ఇంగ్లీషు, స్థానిక భాష, గణితం, విజ్ఞానశాస్త్రం అక్కడ గట్టిగా నేర్పవలసిందే. అందులో లోటు జరిగితే భాషాభిమానం దానిని పూడ్చలేదు. ఆ బాధ్యత ఉపాధ్యాయులది. నమ్మి పంపడం తల్లిదండ్రులది. పైకి వచ్చిన పూర్వ విద్యార్థులు తాము ఎక్కిన నిచ్చెనను తీసివేయక, తరువాతి పిల్లవాని కోసం పట్టుకొని నిలబడడం వారి ధర్మం. పొలం పోయింది, అంగడి పోయింది, ఇల్లు పోయింది. శిబిరం నుండి బయటకు వచ్చిన కుటుంబం దగ్గర మిగిలింది పిల్లవాని చదువు ఒక్కటే. దానితోనే ఆ ఇల్లు మళ్ళీ నిలిచింది.