సంఖ్య పెరిగిన చోట బాధ్యత

సకల స్తోత్రాలు సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) వారిపై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా!

పదిమంది కూడిన చోట ప్రతి ఒక్కరూ తన మాటకు తానే జవాబుదారీ అని ఎరుగుదురు. వేయిమంది కూడిన చోట, ఎవరో ఒకరు విచారించే ఉంటారని ప్రతి ఒక్కరూ తలుస్తారు. సమూహం పెరిగేకొద్దీ దాని విలువ తరగడానికి మూలం ఇదే.

హిజ్రీ 8వ సంవత్సరంలో ముస్లిములు 12,000 మందితో హునైన్‌కు బయలుదేరారు. బద్ర్ నాడు వారు మూడు వందల పైచిలుకు మాత్రమే. తమ సంఖ్యను చూసి కొందరు మురిసిపోయారు. శత్రువు పొంచి ఉండి బాణాలు కురిపించగానే ఆ పెద్ద సైన్యం చెదిరిపోయింది. ఆ సంఖ్యాబలం వారికి అక్కరకు రాలేదని దివ్యఖుర్ఆన్‌లోని తౌబా సూరా 25వ ఆయతు తెలుపుతున్నది. అప్పుడు దైవప్రవక్త (స) ఆదేశంపై హజ్రత్ అబ్బాస్ (రజి), వృక్షం కింద ప్రమాణం చేసినవారిని బిగ్గరగా పిలిచారు. ప్రమాణం జ్ఞప్తికి రాగానే వారు మరలివచ్చారు. కొత్తవారిని వెలివేయలేదు, పాతవారు తమ బాధ్యతను గుర్తెరిగారు. అల్లాహ్ విజయం ప్రసాదించాడు.

నేడు మనం కూడే చోటు చేతిలోని ఫోన్. 2018 మే నెలలో, పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి ఉభయ తెలుగు రాష్ట్రాలలో వాట్సాప్ ద్వారా వ్యాపించింది. అమాయకులు మూకల చేతిలో ప్రాణాలు కోల్పోయారు. జోగులాంబ గద్వాల జిల్లాలో నాటి ఎస్పీ రెమా రాజేశ్వరి గ్రామాలకు కానిస్టేబుళ్లను పంపి, జానపద గీతాల ద్వారా ప్రజలను మేల్కొలిపారు. ఆనాడు ఒక గ్రూపులో 256 మందికే చోటుండేది; 2022 నాటికి అది 1,024 అయింది. పరిమాణం నాలుగింతలైంది. మన విచారణ నాలుగింతలైందా?

వార్త అందినప్పుడు నిజానిజాలు విచారించమని హుజురాత్ సూరా 6వ ఆయతు ఆదేశిస్తున్నది. ఆ ఆదేశం గ్రూపుకు కాదు, మనలో ప్రతి ఒక్కరికీ.

మన మస్జిద్ గ్రూపులనే చూడండి. జనాజా నమాజు వేళను తెలిపే ఒక్క వాక్యం నూరు శుభాకాంక్షల చిత్రాల కింద కూరుకుపోతే, మరణించిన సోదరునికి మనపై గల చివరి హక్కు తీరకుండా పోతుంది. రక్తం కావాలన్న పిలుపు కూడా అలాగే మరుగున పడుతుంది.

అనకాపల్లి వాసులకు బెల్లం వండే తీరు తెలియనిది కాదు. చెరకు రసం కాగేకొద్దీ మడ్డి పైకి తేలుతుంది. దానిని తీసివేసేవాడు పెనం దగ్గరే నిలబడాలి. పెనం పెద్దదైతే అతని జాగ్రత్తా పెరగాలి.

కనుక సోదరులారా! విచారించనిదే ఏ వార్తనూ పంపకండి. కొత్తగా చేరినవారికి గ్రూపు ఉద్దేశాన్ని ప్రేమతో తెలపండి. పెద్దలు మౌనం వహించక, తప్పిన వారిని ఏకాంతంలో సరిదిద్దాలి. మరణవార్తలకు, అత్యవసరాలకు వేరుగా ఒక గ్రూపు ఉంచాలి.

అల్లాహ్ మన సంఖ్యతో పాటు మన సత్యసంధతను కూడా పెంపొందించుగాక! ఆమీన్.