'కుదరదు' అంటే సరిపోదు, కాగితం కావాలి

(తీర గ్రామాల్లో ఇంటి అనుమతుల సమస్యపై సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎప్పుడూ ధాన్యం ధర గురించో, రొయ్య మేత ధర గురించో మాట్లాడుకుంటాం. ఈ రోజు ఇంటి గురించి మాట్లాడుకుందాం. కావలి మొదలుకొని అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు దాకా సముద్రం వెంట ఏ మండలానికి వెళ్లినా మాకు వినపడుతున్న మాట ఒకటే: "గోడ లేపుతుంటే ఆపేశారయ్యా."

మా దగ్గరకు వచ్చిన ఒక సభ్యుడి సంగతి చెబుతాం. బకింగ్‌హాం కాలువ పక్కన ఆయనకు కాస్త కయ్య, ఒక దొరువు ఉన్నాయి. తాత కట్టిన మట్టిగోడల ఇల్లు వానలకు కూలితే, అదే పునాది మీద ఇటుక గోడలు లేపాడు. లింటెల్ దాకా వచ్చాక పని ఆపమన్నారు. కారణం అడిగితే "సీఆర్‌జెడ్‌లో ఉంది, కుదరదు" అన్నారు. ఏ గీత నుంచి ఎన్ని మీటర్లో చెప్పలేదు, కాగితమూ ఇవ్వలేదు. మేమూ వెంట వెళ్లి అడిగాం. మాకూ అదే మాట. అప్పు చేసి తెచ్చిన సిమెంటు మూటల్లోనే గడ్డకట్టింది. "మా ఇంటికి అల చప్పుడే వినపడదు, ఈ సీఆర్‌జెడ్ ఎట్లా వచ్చిందయ్యా?" అని ఆయన అడిగాడు.

ఆ ప్రశ్నకు జవాబు మనందరికీ తెలిసి ఉండాలి.

సీఆర్‌జెడ్ అంటే తీర ప్రాంత నియంత్రణ మండలి. మండలి అంటే ఇక్కడ ఆఫీసు కాదు, హద్దు గీసిన ప్రాంతం. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం 1991 ఫిబ్రవరి 19న మొదటి నోటిఫికేషన్ ఇచ్చింది. దాన్ని మార్చి 2011 జనవరి 6న రెండోది, 2019 జనవరి 18న మూడోది తెచ్చింది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు నీళ్లు చేరే గరిష్ఠ హద్దును పోటు గీత అంటారు. అక్కడి నుంచి లోపలికి 500 మీటర్ల దాకా ఈ నిబంధనలు వర్తిస్తాయి.

అయితే లెక్క సముద్రంతోనే ఆగదు. పోటు నీరు ఎక్కే ఏరు, వాగు, కాలువల ఒడ్డుకూ ఇది వర్తిస్తుంది. 2011 ప్రకారం ఒడ్డు నుంచి 100 మీటర్లు లేదా ఆ కాలువ వెడల్పు, ఏది తక్కువైతే అది. 2019లో ఆ 100ను 50 చేశారు. పోటు ఎంతదాకా ఎక్కుతుందో ఉప్పును బట్టి తేలుస్తారు. మంచి ఎండాకాలంలో లీటరు నీటిలో సుమారు 5 గ్రాముల ఉప్పు ఉన్నంత మేర లెక్కలోకి వస్తుంది. పెన్న ముఖద్వారం, కండలేరు క్రీక్, పోటు ఎక్కే చోట బకింగ్‌హాం కాలువ అన్నీ ఇందులోకి వస్తాయి. అందుకే అల చప్పుడు వినపడని ఇల్లు కూడా ఈ గీత లోపల ఉండొచ్చు. ఉందా లేదా అన్నది మాత్రం కొలిచి చెప్పాల్సిన విషయం, నోటితో తేల్చేది కాదు.

గీత లోపల ఉంటే ఇక ఇల్లే కట్టకూడదా? అట్లా ఎక్కడా రాయలేదు. 2011 నోటిఫికేషన్ ప్రకారం పల్లెల్లో పోటు గీత నుంచి 200 మీటర్ల దాకా కొత్త నిర్మాణాలకు వీల్లేదు. సాగు చేసుకోవచ్చు. అనుమతి ఉన్న పాత ఇంటిని అదే పునాది విస్తీర్ణంలో బాగు చేసుకోవచ్చు, తిరిగి కట్టుకోవచ్చు. మత్స్యకారుల వంటి సంప్రదాయ తీరవాసుల ఇళ్లకు 100 నుంచి 200 మీటర్ల మధ్య అనుమతి ఇవ్వొచ్చు. 200 నుంచి 500 మీటర్ల మధ్య, అనాదిగా ఉన్న ఊళ్లలో 9 మీటర్ల ఎత్తు మించకుండా కింద ఒకటి, పైన ఒకటి కట్టుకోవచ్చు.

2019లో ఇంకొంత సడలించారు. 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2161 మందికి మించి ఉన్న పల్లెల్లో ఆ 200 మీటర్లు 50కి తగ్గుతుంది. సొంతానికి కట్టుకునే ఇల్లు 300 చదరపు మీటర్ల లోపు ఉంటే రాష్ట్ర తీర యాజమాన్య సంస్థ సిఫారసు అక్కర్లేదు, స్థానిక సంస్థే నిబంధనలు చూసి అనుమతి ఇవ్వొచ్చు. అంకణానికి 36 అడుగుల మన నెల్లూరు లెక్కలో అది దాదాపు 90 అంకణాలు. మనలో అంత ఇల్లు కట్టేవాళ్లు ఎందరు? అయితే 2019 నిబంధనలు వర్తించాలంటే వాటి ప్రకారం తయారైన తీర పటానికి ఆమోదం ఉండాలి. అందాకా 2011వే చెల్లుతాయి. కాబట్టి ఆఫీసులో మన మొదటి ప్రశ్న "మా ఊరికి ఏ పటం అమల్లో ఉంది?" అన్నదే కావాలి.

మిత్రులారా, "అనుమతి ఉన్న పాత ఇల్లు" అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను మనలో పెద్దవాళ్లకు గుర్తే. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. 2021 నవంబరులో పెన్న పొంగింది. ఈ తీరంలో ఇల్లు ఒకసారి కట్టుకుంటే సరిపోదు, మళ్లీ కట్టుకోవాల్సిన రోజు వస్తుంది. ఆ రోజు కాగితం ఉన్న ఇంటికే తిరిగి లేచే హక్కు. ఇంటి పన్ను రసీదు ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉన్నారు. పన్ను రసీదు ఇల్లు ఉందనడానికి సాక్ష్యమే కానీ, అనుమతి పత్రం కాదు.

పాత ఇళ్లకు ఒక దారి ఉండింది. 1991 నిబంధనల ప్రకారం కట్టుకోదగినవే అయినా అప్పట్లో అనుమతి తీసుకోని మత్స్యకారుల, గిరిజనుల, ఇతర సంప్రదాయ తీరవాసుల ఇళ్లను క్రమబద్ధం చేయాలని 2011 నోటిఫికేషన్ చెప్పింది. వ్యాపారానికి వాడకూడదు, బయటివాళ్లకు అమ్మకూడదు అన్నవి షరతులు. ఈ సంగతి ఎన్ని పాళేలకు చేరింది? మనమూ చేరవేయలేదు. ఆ తప్పు మనదీ.

ఈ నిబంధనలు ఎత్తేయమని మేం అడగడం లేదు. దొరువులో నీళ్లు ఉప్పెక్కితే నష్టపోయేది మనమే. తీరంలో రొయ్యల చెరువులపై 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది రైతుల, కూలీల పక్షాన వేసిన కేసులోనే. ఇసుక దిబ్బలు, మడ అడవులు మిగిలితే మన ఊళ్లకే రక్ష. ఇదే తీరంలో కృష్ణపట్నం పోర్టు ఉంది, థర్మల్ కేంద్రాలు ఉన్నాయి. వాటికి దరఖాస్తు, సర్వే, ప్రజాభిప్రాయ సేకరణ, అనుమతి పత్రం అన్నీ ఫైలులో ఉంటాయి. మన సభ్యుడి విషయంలో ఉన్నది ఒక్క నోటిమాట. చట్టం అందరికీ ఒకటే అయితే, కాగితమూ అందరికీ ఉండాలి.

మనం చేయాల్సింది ఇది. పునాది తీయకముందే సర్వే నంబరు, స్థలం హక్కు పత్రం, పాత ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, పాత ఇంటి ఫొటో ఒకచోట పెట్టుకోండి. అర్జీ ఇచ్చి ముట్టినట్టు సంతకం తీసుకోండి. కుదరదంటే ఏ నోటిఫికేషన్, ఏ గీత, ఎన్ని మీటర్లు, ఏ పటం అన్నది రాసివ్వమనండి. రాసివ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. "మేం చూసుకుంటాం" అనే దళారికి డబ్బు ఇవ్వొద్దు. ఆపమని నోటీసు ఇచ్చాక రాత్రికి రాత్రి స్లాబు వేయొద్దు, దానివల్ల కేసు మన మీదికే తిరుగుతుంది.

సంఘంగా మన కోరిక ఒకటి. సర్వే నంబర్లు కనపడే తీర పటాన్ని తెలుగులో ప్రతి తీర గ్రామ సచివాలయంలో గోడకు పెట్టాలి, గ్రామసభలో చదివి వినిపించాలి. కొత్త పటం ముసాయిదా మీద అభ్యంతరాలు పిలిచినప్పుడు మనం ఊరంతా కదిలి వెళ్లాలి. గీత గీసేశాక ఏడిస్తే లాభం లేదు.

మొదట చెప్పిన ఆ సభ్యుడి చేత అర్జీ రాయించి ఇచ్చాం. జవాబు ఇంకా రాలేదు, గోడలు లింటెల్ దగ్గరే ఉన్నాయి. అట్లాంటి గోడలు మీ ఊళ్లో ఎన్ని ఉన్నాయో లెక్క తీయండి. ఒక్కో అర్జీ నకలు వచ్చే సమావేశానికి తీసుకురండి. అన్నీ ఒక కట్టగా కట్టి కలెక్టరు గారి ముందు పెడదాం.