బడి బయటి పాఠమునకు ఖర్చు ఎవరిది?

(శత వార్షికోత్సవముల సందర్భమున యర్రగొండపాలెములో జరిగిన ఉపాధ్యాయుల, తల్లిదండ్రుల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగలో పాటలు, జ్ఞాపకములు, కృతజ్ఞతలు ఉండుట న్యాయమే. అయితే మన సంఘములలో అనేకము మొదట చెట్టు క్రింద బడులుగానే ప్రారంభమైనవని మరువరాదు. అందుచేత బడిని గూర్చియే మాట్లాడదలచినాను. మీ ముందు ఒక్క ప్రశ్న ఉంచుతాను. పిల్లలను తరగతి గది దాటించి, అడవి దగ్గరకు, చెరువు దగ్గరకు, గని దగ్గరకు తీసుకొనిపోయి నేర్పే పాఠమునకు ఖర్చు ఎవరు పెట్టవలెను?

ఈ ప్రశ్న నాకు పుస్తకములలో దొరకలేదు. నేను ఎనిమిదవ తరగతి చదివే రోజులలో దొరికినది. మాది మార్కాపురము దగ్గర పల్లె. మా నాయన పలకల గనిలో కూలి. ఆ సంవత్సరము బడిలో నాగార్జునసాగరుకు విహారయాత్ర అన్నారు. తలకు అరవై రూపాయలు. ఇంటికి పోయి అడిగితే మా నాయన తల వంచుకొని, "ఈ వారము కూలి బియ్యానికే చాలలేదురా అబ్బాయీ" అన్నాడు. తరగతిలో నలుగురము మిగిలిపోయాము. బస్సు బయలుదేరిన రోజున మా నలుగురికి చీపుర్లు ఇచ్చి గది ఊడ్చమన్నారు.

అది కాదు నన్ను బాధించినది. యాత్రనుండి వచ్చిన మరునాడు "నేను చూచిన నాగార్జునసాగరు" అని అందరినీ వ్యాసము వ్రాయమన్నారు. చూడనివారు ఏమి వ్రాయవలెనని మేము అడుగలేదు, వారు చెప్పలేదు. పక్కవాని పుస్తకములో చూచి, నేను చూడని ఆనకట్టను చూచినట్లు వ్రాశాను. పదికి ఏడు మార్కులు వచ్చినవి. ఆ ఏడు మార్కులు నాకు ఈనాటికీ బరువుగానే ఉన్నవి.

మరి యొక సంగతి. మేము అక్షరములు దిద్దిన పలక మా నాయన పని చేసే నేలనుండి వచ్చినది. మార్కాపురము పలకలు దేశమంతా పిల్లల చేతులలోనికి పోయినవి. పై దేశములలో ఇండ్ల కప్పులకు కూడా పోయినవి. ఆ గని మా బడికి నడిచిపోయే దూరములోనే ఉన్నది. ఒక్కనాడు కూడా మా ఉపాధ్యాయులు మమ్మును అక్కడికి తీసుకొనిపోలేదు. రాయి పొరలు పొరలుగా ఎందుకు విడిపోవునో చెప్పుటకు అంతకంటె మంచి పాఠశాల ఏది? మా నాయన ఒక్క గంట మా అందరికీ గురువు అయ్యెడివాడు. అరవై రూపాయలు లేని ఇంటి తండ్రిని ఆ దినము బిడ్డలు వేరొక కన్నుతో చూచియుందురు.

ఈ ప్రాంతమును కరవు ప్రాంతమనుట మనకు అలవాటు. వర్షము విషయములో అది నిజమే. పాఠము విషయములో మాత్రము మనది భాగ్యవంతమైన ప్రాంతము. గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి, కంభము చెరువు నింపి, ఒంగోలు సమీపమున సముద్రములో కలియుచున్నది. ఆ కంభము చెరువు విజయనగర కాలమునాటిది. 2020లో అది అంతర్జాతీయముగా వారసత్వ నీటిపారుదల కట్టడముగా గుర్తింపు పొందినది. చందవరములో బౌద్ధ స్తూపము, త్రిపురాంతకములో ప్రాచీన ఆలయము ఉన్నవి. దోర్నాల వైపున కృష్ణా జలముల కొరకు కొండను తొలిచి 18 కిలోమీటర్లకు పైగా పొడవైన వెలిగొండ సొరంగములు రెండు తవ్వినారు. తవ్వకము ఒకదానిలో 2021లోను, రెండవదానిలో 2024లోను ముగిసినది. ఇంకను దగ్గరలోనే కావలెనంటే ఊరి బోరు చాలును. మన పిల్లల పళ్లు గారపట్టుట ఎందుకో, లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదను నియమము ఎందుకో, ఆ బోరు దగ్గర నిలువబడి చెప్పిన పాఠమును ఏ బిడ్డ మరచును?

ఇక నల్లమల సంగతి. 1983లో ఇది పులుల సంరక్షణ పథకములో చేరినది. దేశ దేశములనుండి వచ్చి చూచుచున్నారు. మన పిల్లలలో చాలమంది ఈ కొండను గుమ్మములో నిలువబడి చూచుటే గాని, దానిని ఎరుగరు.

మూడేండ్ల క్రిందట అటవీ అధికారుల అనుమతి పొంది, వారి సిబ్బంది తోడుతో, కొందరు బడి పిల్లలను అడవి అంచువరకు నడిపించుకొని పోయాము. మాతో ఒక చెంచు బాలుడు ఉన్నాడు. తరగతిలో వెనుక బల్ల వాడు, పిలిస్తే గాని మాట్లాడడు. అడవి అంచు చేరేసరికి వాడు ముందు వరుసలోనికి వచ్చాడు. ఇది ఏగిస, ఇది తునికి, ఇది సారపప్పు చెట్టు అని వరుసగా చెప్పుచున్నాడు. ఒక నల్లమద్ది మానుకు ఉన్న బొడిపెను చూపి, "అయ్యగారూ, దీన్ని కోస్తే నీళ్లొస్తాయి. కానీ దప్పికతో పోయేటప్పుడే కొయ్యాలంట, ఊరికే కొయ్యగూడదని మా తాత చెప్పాడు" అన్నాడు. మొదటి మార్కు తెచ్చుకొనే పిల్లలు వాని చుట్టూ మూగి పుస్తకములలో వ్రాసుకొన్నారు. మరునాటి నుండి వానిని వెనుక బల్లకు పంపుటకు ఉపాధ్యాయునికి మనసు రాలేదు. ఆ నడకకు అయిన ఖర్చు స్వల్పమే. అయినా అది కూడా కొందరి దయవలన జరిగినదే. దయ ప్రతి సంవత్సరము రాదు, ప్రతి ఊరికీ రాదు.

మన దేశములో ఈ విషయమై నియమములు లేవా? ఉన్నవి. 1991లో ఎం. సి. మెహతా గారి వ్యాజ్యములో సుప్రీం కోర్టు పర్యావరణమును విద్యలో తప్పనిసరి విషయము చేయవలెనన్నది. 2001-02లో కేంద్ర ప్రభుత్వము జాతీయ హరిత దళమును ప్రారంభించి బడులలో పర్యావరణ సంఘములకు కొద్దిపాటి సహాయము ఇచ్చినది. 2020 జాతీయ విద్యా విధానము 6 నుండి 8 తరగతుల పిల్లలు పది దినములు పుస్తకముల సంచి లేకుండ వడ్రంగి, తోటమాలి, కుమ్మరి మొదలగువారి దగ్గర పని నేర్వవలెనన్నది. మన రాష్ట్రములో 2025-26 నుండి శనివారములను సంచి లేని దినములుగా ప్రకటించారు. ఇవన్నియు మంచివే. సంచి దించినారు. కాని బస్సు ఎక్కించినారా?

డబ్బు లెక్క చూడుడి. సమగ్ర శిక్ష నిబంధనలలో యువ, పర్యావరణ సంఘముల పేరున ప్రాథమిక పాఠశాలకు 5,000, ప్రాథమికోన్నత పాఠశాలకు 15,000, ఉన్నత పాఠశాలకు 25,000 రూపాయల వరకు ఏటికి చూపినారు. 500 మంది చదివే ఉన్నత పాఠశాలలో అది తలకు 50 రూపాయలు. మొక్కలు, పోటీలు, బహుమానములు అన్నీ అందులోనే. 50 రూపాయలతో ఇక్కడనుండి కంభము చెరువుకు పోయి, అన్నము తిని, తిరిగి రాగలమా? రాలేము. కనుక యాత్ర అనగానే మరల తల్లిదండ్రుల మీద వసూలు. వసూలు అనగానే తరగతి రెండుగా చీలును. బస్సులో కొందరు, చీపురు పట్టినవారు కొందరు.

2009 విద్యాహక్కు చట్టము, బిడ్డ ప్రాథమిక విద్య ముగించుటకు అడ్డమగు ఏ రుసుమును వసూలు చేయరాదన్నది. బయటి పాఠము చదువులో భాగమని ఒప్పుకొన్న తరువాత, దానిని మాత్రము డబ్బున్నవారికి అమ్ముట ఆ చట్టము ఉద్దేశమునకు తగునా? మధ్యాహ్న భోజనమును జ్ఞాపకము చేసికొనుడి. ఒకప్పుడు బడిలో అన్నము ధర్మాత్ముల దయ. 2001లో సుప్రీం కోర్టు ఆజ్ఞ తరువాత వండిన అన్నము పిల్లల హక్కు అయినది. ఆనాడు కూడా డబ్బు ఎక్కడిది, సాధ్యము కాదు అన్నవారు ఉన్నారు. ఈనాడు అన్నము లేని బడిని మనము ఊహించలేము.

పై దేశమునుండి ఒక దృష్టాంతము చెప్పెదను. అమెరికాలో ఆరెగాన్ అను రాష్ట్రమున్నది. అక్కడ 1950లనుండియే పిల్లలను కొన్ని దినములు అడవిలోని శిబిరములలో ఉంచి పాఠము చెప్పు పద్ధతి ఉన్నది. డబ్బున్న చోట వారము దినములు జరిగెడిది, లేని చోట కుదించుకొన్నారు లేక మానుకొన్నారు. 2016 నవంబరులో ఆ విషయమును ప్రజల ఓటుకే పెట్టారు. 5వ లేక 6వ తరగతి పిల్లలందరికీ ఈ అవకాశము కలుగునట్లు, ఏటికి 2 కోట్ల 20 లక్షల డాలర్ల వరకు రాష్ట్ర ఆదాయమునుండి ఇచ్చుటకు ప్రజలు ఒప్పుకొన్నారు. ఆ సొమ్ము లాటరీ ఆదాయము. కాపరిగా నేను లాటరీని మెచ్చుకొనుట లేదు. నేను చూపునది వారి నిర్ణయమును. ఒక్క ఇంటి బిడ్డ కాదు, రాష్ట్రపు ప్రతి బిడ్డ పోవలెనని సామాన్య ప్రజలు అన్నారు.

ఆక్షేపణలు నాకు తెలియును. "పదవ తరగతి ఫలితములు పడిపోవును" అందురు. ఏటికి మూడు నాలుగు దినములకు ఫలితములు పడిపోవు. చెరువు కట్ట మీద ఘనపరిమాణము లెక్క చేసినవాడు పరీక్షలో దానిని మరచిపోడు. "అది విహారము" అందురు. మేము చదివిన వేదాంత కళాశాలలో వారాంతములందు మమ్మును పల్లెలకు పంపేవారు. ఆ ఖర్చు కళాశాలదే. దానిని ఎవరూ విహారము అనలేదు, శిక్షణ అన్నారు. పెద్దలకు శిక్షణ అయినది పిల్లలకు ఆట ఎట్లగును?

"ప్రమాదము జరిగితే ఎవరు జవాబుదారి?" అని ఉపాధ్యాయులు అడుగుచున్నారు. ఇది న్యాయమైన భయము. నీరు లోతుగా ఉన్నది, అడవిలో మృగములు ఉన్నవి. అందుకే నేను ప్రభుత్వ సొమ్ము కావలెననుచున్నాను. తక్కువ డబ్బుతో పోయినప్పుడే కిక్కిరిసిన ఆటోలు, చాలినంతమంది లేని పెద్దలు. మంచి బస్సు, తగినంతమంది ఉపాధ్యాయులు, బాలికలకు తోడుగా ఉపాధ్యాయినులు, మందుల పెట్టె, ముందుగా తీసికొన్న అనుమతి, ఇవి డబ్బుతోనే వచ్చును. వ్రాతమూలకమైన ఆజ్ఞ ఉంటే ఉపాధ్యాయుడు ఒంటరిగా భయపడనక్కరలేదు.

కావున మనము చేయదగిన పని ఏది? మొదట, ప్రతి బడిలో తల్లిదండ్రుల కమిటీ ఉన్నది. చట్టము ప్రకారము అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. పాఠశాల అభివృద్ధి ప్రణాళికలో గోడలు, పంపులతోపాటు "బయటి పాఠము" అని ఒక పంక్తి వ్రాయించుడి. ఎక్కడికి, ఎందరు, ఎంత ఖర్చు అని అంకెలతో వ్రాయించుడి. అడుగనిది రాదు. రెండవది, ఆ సొమ్ము వేసవికి ముందు కాక బడి తెరిచిన మొదటి నెలలలోనే రావలెనని, ప్రయాణమునకు వేరుగా చూపవలెనని మన ప్రజాప్రతినిధులకు అర్జీలు పెట్టుదము. మూడవది, పాలుట్ల వంటి గూడెములలోని చెంచు పెద్దలను, గనిలో పని చేసిన వృద్ధులను ఆ దినమునకు గురువులుగా పిలిచి, గౌరవ వేతనము ఇవ్వవలెను. ఉచితముగా పిలిచినవారిని మనము గురువులుగా చూడము.

సంఘము మాటేమిటి? మన ఆవరణల నీడ, మన గదులు, మన యౌవనస్థుల కాళ్లు ఇత్తము. తరగతి వెంట నడుచుటకు, అన్నము వడ్డించుటకు, నీళ్ల దగ్గర కాపలా ఉండుటకు మన యౌవనస్థులు ఏ కులపు, ఏ మతపు బిడ్డల కొరకైనను సిద్ధముగా ఉండవలెను. అయితే ప్రభుత్వము పెట్టవలసిన సొమ్మును మనము చందాలెత్తి పెట్టి, దాని బాధ్యతను తప్పించరాదు. మన సహాయము తోడు మాత్రమే, బదులు కాదు.

అయ్యలారా, అమ్మలారా, నా ఏడు మార్కుల సంగతితో ముగించెదను. వచ్చే సంవత్సరము ఈ మండలములో ఏదో యొక బడిలో "నేను చూచిన కంభము చెరువు" అని పిల్లలు వ్యాసము వ్రాయుదురుగాక. గది ఊడ్చుటకు మిగిలినవాడు ఒక్కడును ఉండకూడదు. వ్రాయు ప్రతి బిడ్డయు, మార్కులు ఎన్ని వచ్చినను, తన కన్నులతో చూచినదానినే వ్రాయవలెను. అంతవరకు మనము అడుగుట మానరాదు.