పాత జీపును ఎత్తు చేయించుట



బడిపిల్లలకు శబ్దములును సమాసములును చెప్పుచు వయసు గడపిన నాకు జీపుల ప్రసంగ మేల యని తాము నవ్వవచ్చును. కాని మా గ్రామము తూర్పు కనుమల అంచున నున్నది. వానకాలమున మాకును తారురోడ్డునకును నడుమ రెండు వాగులును ఒక బురదదారియు అడ్డుపడును. నొప్పులు పడుచున్న స్త్రీని గాని, పాము కరచిన రైతును గాని ఆ దినములలో వైద్యశాలకు చేర్చునది మా అన్నగారి కుమారుని పాత జీపు ఒక్కటే. కావున ఆ బండి క్షేమము మా ఊరి క్షేమమే యయినది.

జీపు యుద్ధమున పుట్టిన బండి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికాలో విల్లీస్, ఫోర్డు కంపెనీలవారు వీనిని ఆరు లక్షలకు పైగా తయారుచేసిరి. యుద్ధము ముగిసిన పిమ్మట మన దేశమున మహీంద్రావారు విల్లీస్ జీపులను కూర్చి అమ్మిరి. తరువాత ఇచ్చటనే తయారుచేసిరి. మా వాని బండి 1970 దశకములోనిది. ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును ఇంజను బలము అందును. ఇరుసుల మీద ఉక్కుపట్టీల కమానుకట్టలు, వాని మీద చట్రము, చట్రము మీద బాడీ. దీని నిర్మాణ మింతే. ఎడ్లబండి నెరిగినవారికి ఇది తెలియనిది కాదు.

మూడేండ్ల క్రిందట ఈ బండి అడుగుభాగము వాగురాళ్లకు తగులుచున్నదని మా వాడు దానిని ఎత్తు చేయింప దలచెను. చేతిలో సొమ్ము తక్కువ. పట్టణములోని ఒక పనివాడు ఒక్క పూటలో పని ముగించి యిచ్చెను. కమాను కొనను చట్రమునకు వ్రేలాడదీయు షాకిళ్లను తీసివైచి పొడవైనవి తగిలించెను. ముందు ఇరుసునకును కమానునకును నడుమ ఇనుపదిమ్మెలు పెట్టెను. బండి ఏనుగువలె నిలిచినది. మా వాడు మురిసిపోయెను, నేనును మెచ్చుకొంటిని. అది నా అజ్ఞానము.

పదునైదు దినములు గడవకముందే జ్వరముతో నున్న ఒక వృద్ధుని ఎక్కించుకొని కనుమ దిగుచుండగా బ్రేకు తొక్కినను బండి ఆగలేదు. కారణము తరువాత తెలిసినది. చట్రము పైకి లేచినది గాని, చట్రమునుండి ఇరుసునకు పోవు బ్రేకుగొట్టము పూర్వపు పొడవుననే యుండెను. చక్రము గుంటలో దిగినప్పుడెల్ల ఆ గొట్టము త్రాడువలె బిగిసి, పగుళ్లు పట్టి, ఆ దినమున తెగినది. ఆ పాతబండికి నాలుగు చక్రముల బ్రేకులకును నూనెదారి ఒక్కటే. ఒకచోట తెగిన నాలుగును పోవును. మా వాడు గేరు తగ్గించి, బండిని గట్టున కానించి నిలిపెను. అది ఒరిగినది గాని పొరలలేదు. ప్రాణాపాయము తప్పినది. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినదన్న సామెత ఆనాడు నాకు అర్థమైనది.

ఆ పిమ్మట నేను ఊరకుండలేకపోతిని. కమానులు కొట్టు వృద్ధకర్మకారు నొకని ఆశ్రయించి, నెల దినములు శిష్యుడనై కూర్చుంటిని. ఆయన నాకు చెప్పిన మొదటి పాఠ మిది: ‘అయ్యవారూ, మీ బండి పొట్టిది కాదు, కుంగినది. ముందు దాని ఎత్తు దానికి తిరిగి యిండు. ఆ తరువాత కావలసిన మరి కొంత ఇవ్వవచ్చును.’

ఈ మాటలో తత్త్వమంతయు నున్నది. యాబదియేండ్లు బరువు మోసిన కమాను తన వంపును కోల్పోయి, ఒకటి రెండంగుళములు దిగిపోవుట సామాన్యము. కావున ముందు చేయవలసినది కొలత. సమతలమున బండిని నిలిపి, నాలుగు చక్రములయొద్దను చక్రపు నడిబొడ్డునుండి మడ్గార్డు అంచువరకు కొలిచి వ్రాసికొనవలెను. దీనికి కాసు ఖర్చు లేదు. మా బండికి డ్రైవరు వైపు ఒకటిన్నర అంగుళము తక్కువగా నుండెను.

తరువాత కమానులను విప్పించి, విరిగిన పట్టీలను మార్పించి, మిగిలినవానికి వంపు పెట్టింపవలెను. ఉక్కుపట్టీని కొలిమిలో సమముగా కాచి, వంచి, నూనెలో ముంచి, మరల తగుమాత్రము వేడిచేసిననే దానికి పదును నిలుచును. గ్యాసుమంటతో ఒక్కచోట ఎఱ్ఱగా కాల్చి వంచిన యెడల ఆ చోటున పదును చచ్చి, త్వరలోనే కుంగును, లేదా విరుగును. అరిగిన బుష్షులను, పిన్నులను అప్పుడే మార్చుట మేలు. యూబోల్టులు మాత్రము పాతవి తిరిగి బిగింపరాదు. ఒకసారి సాగిన మర గట్టిగా పట్టదు.

అప్పటికిని ఎత్తు చాలనిచో కట్టలో ఒక పట్టీని అదనముగా చేర్పవచ్చును. దీనివలన ఒక అంగుళమో ఒకటిన్నరయో లభించును. బండి కొంత బిరుసుగా నడచును గాని బరువునకు ఓర్చును. మా వాని బండికి ఈ రెండు పనులే చేయించితిమి. బిగించి కొలువగా వెనుకటికన్న ఇంచుమించు మూడంగుళములు లేచినది.

పొడవైన షాకిళ్లు చవకయే. కాని షాకిలు రెండంగుళములు పెరిగిన బండి సుమారు ఒక అంగుళమే లేచును. అంతేకాక కమానుకట్ట ఒక కొనవైపే ఒరిగి, దానితో ముందు ఇరుసు తిరుగును. అందువలన చక్రముల వాలు మారి, స్టీరింగు తనంతట తిన్ననికి రాక, బండి దారిలో అటునిటు ఊగును. ముందు ఇరుసున దిమ్మెలు పెట్టుట అంతకన్న చెడ్డపని. బ్రేకు వేసినప్పుడు ఇరుసుపై పడు మెలిత్రిప్పు ఆ దిమ్మెలను కదల్చివేయును.

ఇక అందరును పొరబడు విషయ మొకటి కలదు. బండి అడుగున నేలకు మిక్కిలి దగ్గరగా నుండునది ఇరుసు నడిమి గుండు. మెకానిక్కులు దీనినే డిఫరెన్షియల్ అందురు. దాని క్రింద ఖాళీ సుమారు 8 అంగుళములు. ఇరుసు చక్రపు నడిబొడ్డున నుండును గదా! కమానులు ఎంత పెంచినను, షాకిళ్లు ఎంత పొడిగించినను, ఆ గుండు వెండ్రుకవాసియు లేవదు. పైనున్న చట్రము, బాడీ మాత్రమే లేచును. గుండు లేవవలెనన్న టైరు పెద్దది కావలెను. టైరు వ్యాసము 2 అంగుళములు పెరిగిన గుండు 1 అంగుళము లేచును. కమానులు పెంచుటవలన ఆ పెద్ద టైరునకు చోటు కలుగును. చట్రము రాళ్లకు తగులకుండును. ఏది దేనికో తెలిసి చేయించిన సొమ్ము వ్యర్థము కాదు.

గడ్డిబండిని చూడుడు. కట్టు ఎత్తయిన కొలది ప్రక్కవాలున బోల్తాపడు భయము హెచ్చును. జీపునకును అంతే. చక్రముల నడుమ వెడల్పు 48 అంగుళములు, గరిమనాభి నేలకు 24 అంగుళముల ఎత్తున నున్నదనుకొందము. ప్రక్కవాలు 45 డిగ్రీలు వచ్చువరకు బండి లెక్కప్రకారము నిలుచును. గరిమనాభి 28 అంగుళములకు లేచిన ఆ హద్దు 41 డిగ్రీలకు దిగును. ఇది నిలిచియున్న బండి మాట. మలుపులో వేగముగా తిరుగుచున్న బండికి హద్దు ఇంకను తక్కువ. కావున వృద్ధకర్మకారుడు మాకు మూడంగుళములు దాటవద్దనెను.

ఎంత కొంచెము ఎత్తు చేసినను చూడవలసినవి నాలుగు కలవు. చట్రమును జాకీతో ఎత్తి, చక్రములను వ్రేలాడదీసి, బ్రేకుగొట్టములు వదులుగా నున్నవో లేవో చూడవలెను. షాక్ అబ్జార్బర్లు కొనకంట సాగిపోరాదు. ప్రొపెల్లర్ షాఫ్టు కోణము పెరిగి దాని క్రాసులు చప్పుడు చేయరాదు. స్టీరింగును రెండువైపులా చివరకంట త్రిప్పిన టైరు దేనికిని రాయరాదు. సొమ్ము తక్కువైనచో ఎత్తు తగ్గించుకొనుడు. బ్రేకుగొట్టము మాత్రము కొత్తది వేయింపుడు.

చట్టము మాటయు చెప్పవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగా బండిని మార్పరాదు. 2019లో సుప్రీంకోర్టు ఈ విషయమును గట్టిగా చెప్పినది. కమానులను పూర్వస్థితికి తెచ్చుట మరమ్మతు. అంతకు మించి చేయదలచినవారు ముందుగా రవాణా కార్యాలయమున విచారించుకొనుట శ్రేయము.

పెద్దలారా! తమ కుమారుడో మనుమడో వచ్చి, బండి ఎత్తు చేయించుటకు సొమ్మడిగినప్పుడు, ‘ఎంత ఎత్తు?’ అని ముందుగా అడుగవలదు. ‘ఎంత కుంగినదో కొలిచితివా? బ్రేకుగొట్టము చూచితివా?’ అని అడుగుడు. ఆ రెండు ప్రశ్నలు మూడేండ్ల క్రిందట నేను అడిగియుండిన, ఆ జ్వరపీడితుడైన వృద్ధుడు కనుమలో అంత భయపడి యుండడు. ఆయన నేటికిని మా అరుగుమీదికి వచ్చి కూర్చుండును. మొన్నటి శ్రావణమున ఆయన మనుమరాలిని పురిటికి తీసికొనిపోయినది ఆ జీపే. వాగు దాటినది, కనుమ దిగినది, చెప్పినచోట ఆగినది. బండికి కావలసిన గుణములలో ఈ చివరిదే మొదటిది.

సెలవు.