అండమాను తీరయాత్ర



సముద్రతీర విహారమును గూర్చి ప్రసంగింపుమని నన్ను కోరినప్పుడు నాకు మొదట నవ్వు వచ్చినది. ముప్పదియైదేండ్లు నల్లబల్ల యెదుట నిలిచి, సుద్దముక్క తప్ప వేఱొండు సాధనము నెఱుగనివాడను, ఈతరానివాడను. అట్టి నాకు విహారమేమి, దానిని గూర్చి ప్రసంగమేమి! అయినను గడచిన మాఘమాసమున నా భార్యతోను, పదునొకండేండ్ల మనుమనితోను అండమాను ద్వీపములకు పోయివచ్చితిని. అచ్చట నేను చూచిన వింతలకంటె నేను చేసిన పొరపాటు మీకెక్కువ యుపకరించునని తోచి, రెండింటిని మీకు విన్నవింపవచ్చితిని.

అండమాను నికోబారు ద్వీపములు బంగాళాఖాతమున మన తీరమునకు సుమారు 1,200 కిలోమీటర్ల దూరమున నున్నవి. ద్వీపములు, తిప్పలు, శిలలు కలిపి 800లకు పైగా లెక్కకు వచ్చును. అందు మనుష్యులు నివసించునవి ముప్పదికి మించి యెన్నియో లేవు. చెన్నపట్టణమునుండియు కలకత్తానుండియు విమానములు కలవు. ఓడలో పోదలచినవారు ఆ రెండు రేవులనుండియే కాక మన విశాఖపట్టణము నుండియు పోవచ్చును. కాని ఆ ఓడ తఱచుగా నుండదు, ప్రయాణము మూడుదినములు పట్టును. పుష్యమాసము మొదలు చైత్రమువఱకు సముద్రము శాంతముగా నుండును. ఆ పిమ్మట వానలు, గాలులు ప్రారంభమగును.

ముఖ్యపట్టణమునకు పూర్వము పోర్టుబ్లెయిరని పేరు. 2024లో శ్రీవిజయపురమని మార్చిరి. అచ్చట మొట్టమొదట మన గడియారమే మనలను మోసగించును. గంటలు దేశమంతటను ఒక్కటియే. సూర్యుడు మాత్రము ఆ తూర్పుదిక్కున ముందుగా ఉదయించి, ముందుగా అస్తమించును. మాఘమాసమున సాయంకాలము అయిదున్నర దాటగానే చీకటి కమ్ముకొనును. మన యూరిలో ఆఱుగంటలవఱకు వెలుతురున్నదని నమ్మి తిరుగువాడు అచ్చట దారిలో చీకటి పాలగును. ఈ మాటను జ్ఞప్తియందుంచుకొనుడు, ముందునకు పనివచ్చును.

ఆ పట్టణమున చూడవలసిన వానిలో మొదటిది సెల్యులరు కారాగారము. 1896లో ప్రారంభింపబడి 1906లో ముగిసిన ఆ కట్టడమునకు, బండిచక్రమునకు ఆకులవలె, నడిమి గోపురమునుండి ఏడు శాఖలుండెడివి. నేడు మూడు మాత్రమే మిగిలినవి. ఒక గదిలోనివాడు మఱియొక గదిలోనివాని ముఖము చూడరాదని ఒక శాఖ ముఖమున కెదురుగా మఱియొక శాఖ వీపు వచ్చునట్లు కట్టిరి. నా మనుమడు ఒక గదిలోనికి పోయి, పైనున్న చిన్న గవాక్షమును చూచి, "తాతయ్యా, ఇందులోనుండి సముద్రము కనబడదేమి?" అని యడిగెను. నేనేమియు బదులు చెప్పలేకపోతిని. చుట్టును సముద్రమే యుండి కన్నులకు కనబడకపోవుటయే ఆ శిక్ష. విహారమునకు వచ్చినవారు ముందుగా ఆ గదులు చూచి, పిదప ఇసుకతీరములకు పోవుట మంచిదని నా యభిప్రాయము.

ఇక ద్వీపమునుండి ద్వీపమునకు పోవు విధము. ప్రభుత్వపు పడవలును, వేగముగా పోవు ప్రైవేటు పడవలును కలవు. టిక్కెట్లు ముందుగా తీసికొనవలెను. గాలి హెచ్చిన దినమున పడవలు నిలిచిపోవును. కావున తిరుగు విమానమునకు ముందు ఒకదినము ఖాళీగా నుంచుకొనుడు. చిన్న ద్వీపములలో ఫోను సరిగా పలుకనప్పుడు చేతిలోని నగదే యక్కఱకు వచ్చును. అచ్చట ఆటోలు, అద్దెకు స్కూటర్లు, సైకిళ్లు దొరకును. భాషకు భయము లేదు. హిందీ అందఱకు తెలియును. తెలుగువారును పెక్కుమంది కలరు. శ్రీకాకుళ, విశాఖ ప్రాంతములనుండి చేపలవేటకై పోయి అచ్చటనే స్థిరపడిన కుటుంబములు ఆ పట్టణమున ఎన్నో యున్నవి.

పూర్వము హేవులాకు, నీలు అనబడిన ద్వీపములకు 2018లో స్వరాజద్వీపము, శహీద్ ద్వీపము అని పేళ్లు పెట్టిరి. స్వరాజద్వీపమునందలి రాధానగరతీరము పడమరముఖముగా నుండి సూర్యాస్తమయమునకు ప్రసిద్ధి కెక్కినది. శహీద్ ద్వీపము చిన్నది. దేశవిభజనమున ఇల్లువాకిళ్లు కోల్పోయిన వంగదేశీయుల నచ్చట నిలిపిరి. ఆ తీరముల పేళ్లు వినుడు: సీతాపురము, భరతపురము, లక్ష్మణపురము! సముద్రమధ్యమున రామాయణము విన్నట్లయి నా మనస్సు పొంగిపోయినది.

ఆ పొంగులోనే నా పొరపాటు జరిగినది.

మేమా ద్వీపమున నున్ననాడు మాఘపూర్ణిమ. పర్వదినములయందు తప్ప సముద్రమును తాకరాదని మా పెద్దలు చెప్పుచుండెడివారు. పర్వము లభించినదని సంతోషించి, ఉదయమున తిథివారనక్షత్రములు చెప్పుకొని సంకల్పించి, భరతపురతీరమున స్నానము చేసితిని. అప్పుడు తొమ్మిదిగంటలు. సముద్రము నిండుకుండవలె నుండెను. మధ్యాహ్నము మూడుగంటలు దాటిన పిమ్మట లక్ష్మణపురమునందలి సహజసేతువును చూడబోయితిమి. అలలు తొలిచిన రాతివిల్లు అది. పోటుతీసినప్పుడు మాత్రమే పగడపు బండలమీదుగా నడచి దాని దాపునకు పోవచ్చును. ఉదయము చూచిన నిండుసముద్రము ఎక్కడికో తొలగిపోయి, బండల గుంటలలో చిన్నచేపలు, పీతలు, ఐదుకొనల నక్షత్రజీవులు అద్దములో వలె కనబడుచుండెను.

మా ఆటో నడిపినవాడు ముప్పదియేండ్ల తెలుగువాడు. వాని తాత శ్రీకాకుళపు సీమనుండి వచ్చినవాడట. దిగునప్పుడు వాడు నాతో, "మాస్టారూ, ఇయాల పున్నమండి. నాలుగున్నరకల్లా ఒడ్డుకొచ్చీయండి. నీరు ముందునుంచి రాదండి, ఎనకనుంచొస్తాది" అనెను. నేను తల యూచితిని గాని మాటను తలలోని కెక్కించుకొనలేదు. నాలుగున్నరకు చూచితిని, నీరు అంగుళమైనను పెరిగినట్లు తోపలేదు. మనుమడు ఒక్కొక్క గుంటకడ కూర్చుండి ప్రశ్నలు వేయుచుండెను. నేను గురుపీఠ మెక్కితిని. సమాధానములు చెప్పుచు చెప్పుచు అయిదుగంటలు దాటించితిని.

నా భార్యయే మొదట వెనుకకు తిరిగి చూచినది. "ఏమండీ, మనము వచ్చిన దారి యేదీ?" అని యడిగినది. మాకును ఒడ్డునకును నడుమ, పొడిగానున్న పల్లమంతయు నీటితో నిండియుండెను. సముద్రము మా యెదుట నిశ్చలముగానే యున్నది, వెనుకనుండి వచ్చినది. నీటిలో దిగితిమి. మొదట మోకాలిబంటి. కాలిక్రింద బండలు కత్తులవలె నున్నవి, కనబడవు. సూర్యుడు అస్తమించుచుండెను. మనుమని నడుమువఱకు నీరు వచ్చినది. వాని పాదము తెగినది. ఏడ్వలేదు, నా చేయి గట్టిగా పట్టుకొనెను. ఆ చిన్నచేతి పట్టు ఇప్పటికిని నా మణికట్టున నున్నట్లే యుండును. ఈతరాని ముసలివాడను, వానికేమి చేయగలను?

అప్పుడు ఒడ్డునుండి ఫోనుదీపము కదలినది. ఆ ఆటోవాడు వెదకుకొనుచు వచ్చుచుండెను. నీటిలో దిగి, పిల్లవానిని భుజముమీద కెత్తుకొని, "నా యెనకాలే అడుగెయ్యండి" అని మమ్ము నడిపించెను. ఒడ్డు చేరిన తరువాత నన్ను నిందింపలేదు. మనుమని పాదము మంచినీటితో కడిగి, తన తువ్వాలు చుట్టెను. అధికముగా సొమ్మియ్యబోగా పుచ్చుకొనలేదు. పూర్ణచంద్రుడు అప్పుడే తూర్పున నెక్కుచుండెను. వానిని చూచుటకు నాకు సిగ్గయినది.

ఏలనందురా? ఆటుపోటులకు కారణము చంద్రుడును సూర్యుడును అని ఎన్నియేండ్లు పాఠము చెప్పితిని! అమావాస్యాపూర్ణిమలలో ఆ యిరువురి యాకర్షణ ఒక్క వరుసను కలిసి పోటు మిక్కిలి యెత్తునకు లేచును, ఆటు మిక్కిలి లోనికి తగ్గును. అష్టమినాళ్లలో రెండును స్వల్పము. దినమునకు రెండు పోటులు. ఒకదానికి మఱియొకదానికి పండ్రెండుగంటల యిరువదియైదు నిమిషములు. అనగా ప్రతిదినము సుమారు యేబది నిమిషములు, మన లెక్కలో రెండు గడియలు, వెనుకపడును. చంద్రోదయము దినమునకు రెండు గడియలు ఆలస్యమగునను పంచాంగపు లెక్కయును ఇదియే. ఉదయము సంకల్పమున పూర్ణిమ యని పలికిన నోటితోనే సాయంకాలము ఆ పూర్ణిమను మఱచితిని. తొమ్మిదిగంటలకు నిండిన సముద్రము మూడింటికి తగ్గి, రాత్రి తొమ్మిదిన్నరకు మరల నిండవలెనని లెక్కించుటకు నాకేమి విద్య కావలెను? ఆ బెస్తవాని మనుమడు బడిలో నేర్వని పాఠమును తాతవలన నేర్చెను. నేను నేర్చినదానిని సుద్దముక్కతో పాటు బల్లమీదనే వదలితిని.

కావున తీరయాత్రకు పోవువారికి నా విన్నపములు కొన్ని. మొదటిది, తిథి చూచుకొని పోటువేళ నడుగుడు. పోటు ప్రారంభమైన మొదటిగంటలో నీరు మందముగా, మూడవ నాల్గవ గంటలలో మిక్కిలి వేగముగా పెరుగును. మొదటిగంటను చూచి ధైర్యము తెచ్చుకొనకుడు. రెండవది, ఆటు గంటలకొలది మెల్లగా తగ్గును. భూమి కంపించిన పిమ్మట సముద్రము నిమిషములలో లోనికి పోయినచో అది ఆటు కాదు; చూడ నిలువక మెఱకకు పరుగెత్తుడు. 2004 డిసెంబరు 26న ఆ ద్వీపములు ఉప్పెనవలన మిక్కిలి నష్టపోయినవి. మూడవది, మొసళ్లున్నవని పలక నాటినచోట నీట దిగకుడు. నాల్గవది, పగడపు ముక్కను, చచ్చినదైనను, మూటగట్టకుడు. చట్టము దానిని నిషేధించినది, విమానాశ్రయమున వెదకుదురు. ఐదవది, జారవాల యరణ్యముగుండా పోవు దారిలో వారి ఛాయాచిత్రములు తీయకుడు. అది వారి యిల్లు. మనము వీధిన పోవువారము.

అన్నింటికంటె ముఖ్యము, ఆ యూరివాడు ఒక మాట చెప్పినప్పుడు దానిని చెవితో గాక కాలితో వినుడు. మా మనుమని పాదమున చిన్నమచ్చ నిలిచినది. వాడు దానిని తన తోటివారికి చూపి పోటులను గూర్చి పాఠము చెప్పుచున్నాడట. నాకంటె వాడు మంచి యుపాధ్యాయుడు.

ఇంతటితో నా ప్రసంగమును ముగించుచున్నాను. సెలవు.